జపాన్‌లో ఒప్పందం, ఇల్లందులో నౌకరీ

ఇల్లందుకు బదిలీ అయిన కొత్తలో నాకు అన్నిటికంటే ఒళ్లు మండింది పొగతో. సాయంత్రం అయిదయ్యేసరికి ప్రతి ఇంటి ముందూ బొగ్గు కుప్ప పోసి నిప్పు పెట్టేవాళ్లు. గనిలో పనిచేసే వాళ్లకు ఇంటి వాడకానికి కంపెనీ బొగ్గు ఇచ్చేది. ఆ పచ్చి బొగ్గును అలాగే పొయ్యిలో వేస్తే ఇంట్లో మనిషి నిలవలేడు. అందుకని ముందు బయట కాల్చి, పొగంతా పోయాక నీళ్లు చల్లి ఆర్పి, మిగిలిన దానితో వంట చేసుకునేవాళ్లు. ఇంట్లోకి పొగ రాకూడదని వీధికంతా పెట్టడం అన్నమాట. నేను పొద్దున ఆరేసిన తెల్ల చీర సాయంత్రానికి బూడిద రంగు తిరిగేది. మొదటి నెలలోనే పక్కింటావిడతో గొడవ పెట్టుకున్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "పొగ లేకుంట బొగ్గెట్ల కాలుతదమ్మా? మీ దిక్కు కట్టెలకు పొగ రాదా ఏంది?" అంది. మా దిక్కు అంటే చండ్రుగొండ. కోస్తా నుంచి వచ్చి అక్కడ పొలాలు కొనుక్కున్న కుటుంబం మాది. కట్టెల పొయ్యి ఊదుతూ పెరిగినదాన్నే. చీర లాక్కుని లోపలికి వచ్చేశాను.

అది తొంభయ్యో దశకం మొదట్లో మాట. నేను హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. మా ఆయన పినపాకలో కాంపౌండరు. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి సోమవారం తొలి బస్సుకు వెళ్లిపోయేవాడు. మిగతా అయిదు రోజులూ నాకు తోడు పక్కింటి వాళ్లే. పొగ మీద దెబ్బలాడిన ఆవిడే రెండు నెలలు తిరక్కుండా నాకు వదిన అయింది. ఆమె భర్తను అన్నా అని పిలిచేదాన్ని. ఆయనకు నేను టీచరమ్మను. మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ, ముందు ఒకటే పొడుగాటి అరుగు.

అన్న గనిలో బొగ్గు ఎత్తి, పట్టాల మీద నడిచే ఇనప టబ్బులు నింపేవాడు. వాళ్ల భాషలో గని కాదు, బాయి. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, నేను బడి నుంచి వచ్చేసరికి అరుగు మీద కూర్చుని ఉండేవాడు. చదువు రాదు. పేపరు వినడమంటే మాత్రం ప్రాణం. నేను కాళ్లు కడుక్కుని వచ్చేదాకా ఆగడం కూడా ఆయనకు కష్టంగా ఉండేది.

"టీచరమ్మా, ఇయ్యాల పేపర్ల ఏముంది?"

"మన ఊరి వార్త ఉంది అన్నా, రోడ్డు గురించి."

"మన ఊరి ముచ్చట్లు నీ పేపరోనికంటె మాకే ముందుగాల తెలుస్తయ్. బయటి దేశాలయి చెప్పు."

ఏ దేశం పేరు చదివినా మొదటి ప్రశ్న ఒకటే: "ఆడ బొగ్గున్నదా?" ఉంది అనేదాన్ని. అలా ఎన్ని దేశాలకు బొగ్గు పంచిపెట్టానో నాకే లెక్క లేదు. ఆయన తృప్తిగా తలూపేవాడు. బొగ్గున్న దేశం ఏదైనా ఆయనకు కాస్త చుట్టరికమే.

బ్రెజిల్‌లో ప్రపంచ దేశాల పెద్దలంతా కూడి భూమి వేడెక్కుతోందని మాట్లాడుకున్నప్పుడు ఆ వార్త కూడా నేనే చదివాను. అన్న పగలబడి నవ్వాడు. "గాలి మీద పంచాయితా! గాలికి హద్దురాళ్లు ఏడ పాతుతరట?" అన్నాడు. నాకు ఉక్రోషం వచ్చింది. బొగ్గు, పెట్రోలు కాల్చినప్పుడు వచ్చే వాయువు భూమి చుట్టూ దుప్పటిలా కప్పుకుంటుందనీ, లోపలి వేడిని బయటికి పోనివ్వదనీ బడిలో చెప్పినట్టే చెప్పాను. చివరిదాకా విని, "చలికాలం గీ దుప్పటి మంచిదేనాయె," అన్నాడు. వదిన లోపలి నుంచి కిసుక్కుమంది. నేను పేపరు మడిచి విసురుగా లేచిపోయాను. మర్నాడు మళ్లీ మామూలే.

వాళ్లకు ఒక్కడే కొడుకు. తొమ్మిది, పది తరగతుల్లో నా దగ్గరే చదివాడు. పరీక్షలో ప్రశ్న కింద జవాబు రాసి ఊరుకునే రకం కాదు, అలా ఎందుకు జరుగుతుందో పక్కన బొమ్మ గీసి మరీ చూపించేవాడు. ఇంటరు అయ్యాక ఖమ్మంలో బీఎస్సీలో చేరాడు. నెలకోసారి వచ్చి, నా దగ్గరున్న కెమిస్ట్రీ పుస్తకాలు తీసుకెళ్లేవాడు. వాడు లెక్చరర్ కావాలని నాకు ఆశ. వాడు బాయిలో దిగకుండా ఏదైనా కావాలని అన్నకు ఆశ. "నేను బతికుండంగ వాడు బాయి మొకం చూడొద్దు," అని అరుగు మీద ఎన్నోసార్లు అన్నాడు. పైకప్పు కూలి పక్క మనిషి పోయిన రోజు ఇంటికి వచ్చి, అన్నం ముట్టకుండా కొడుకునే చూస్తూ కూర్చున్నాడట. ఆ సంగతి వదిన చెప్పింది.

అన్న అలా అనుకోవడం ఆ వాడలో వింత కిందే లెక్క. అక్కడి పద్ధతి వేరు. కార్మికుడికి ఇంకా కొన్నేళ్ల సర్వీసు ఉండగానే ఒంట్లో బాగాలేక మెడికల్ బోర్డు ముందుకు వెళ్లి, వాళ్లు ఇతను పనికి పనికిరాడని రాసిస్తే, ఆ ఉద్యోగం కొడుక్కు వచ్చేది. అన్‌ఫిట్ కావడం అనేవాళ్లు. తండ్రి కూర్చుంటే కొడుకు లేస్తాడు. వయసు నిండి రిటైరైతే కొడుక్కు ఏమీ రాదు. అందుకని యాభై దగ్గర పడుతుంటే ఇంటింటా అదే ఆలోచన. ఫలానా ఆయన అన్‌ఫిట్ అయ్యాడంటే అయ్యో అనేవాళ్లు ఉండరు, మిఠాయి ఏదీ అని అడుగుతారు. అయ్యేదాకా మాత్రం ఆ సంగతి పక్కింటికి కూడా పొక్కనివ్వరు. ఎవరైనా దిష్టి పెడతారనీ, పై అధికారులకు ఉత్తరం రాస్తారనీ భయం.

అన్నకు దగ్గు ఉండేది. ఎప్పటి నుంచో ఉంది. ఆయన మాత్రం దాన్ని దాచేవాడు. కంపెనీ దవాఖానాలో పరీక్షలకు పిలిచినప్పుడు బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకుని, ఊపిరి బిగబట్టి బయటపడేవాడు. ఇంకా పదేళ్ల సర్వీసుంది. అది నడిస్తే కొడుకు చదువు పూర్తవుతుంది, చిన్నదో పెద్దదో ఉద్యోగం వస్తుంది. ఆయన లెక్క అంతవరకే.

తొంభై ఏడు డిసెంబరులో జపాన్ వార్త వచ్చింది.

ఆ రోజుల్లో మేము మూడిళ్ల వాళ్లం కలిసి ఒక పేపరు వేయించుకునేవాళ్లం. పొద్దున్నే పేపరు విడదీసి, పై కాగితం నాకు, లోపలివి మా హెడ్మాస్టరు గారింటికీ, వాళ్ల వెనకింటికీ. సాయంత్రానికి మార్చుకోవాలని ఒప్పందం. మార్చుకోవడం సగం రోజులు జరిగేది కాదు. ఆ రోజు మొదటి పేజీలో పైనుంచి కింది దాకా అదే వార్త. పొగ తగ్గించుకోవడానికి ప్రపంచ దేశాలు జపాన్‌లో ఒప్పందం చేసుకున్నాయి, ఎంత తగ్గించాలో లెక్కలు కట్టాయి, ఇక మీదట మాట తప్పడానికి వీల్లేదు. బొగ్గే అన్నిటికంటే పెద్ద దోషి అని ఎవరో శాస్త్రవేత్త అన్న మాట నల్లటి అక్షరాల్లో వేశారు. కింద 'మిగతా ఏడో పేజీలో' అని ఉంది. ఏడో పేజీ హెడ్మాస్టరు గారింట్లో ఉంది.

నేను చదివాను. బాగా చదివాను, గొంతు పెంచి, బడిలో చదివినట్టు. అయిదేళ్ల కింద నవ్వాడు కదా, ఇప్పుడు చూడు అన్న పొగరు కూడా ఉంది. అన్న ఈసారి నవ్వలేదు. దగ్గు వస్తుంటే తుండు అడ్డం పెట్టుకుని అడిగాడు.

"అంటే బొగ్గు కాలుసుడు బంద్ పెడ్తరా?"

"ఒక్కసారిగా కాదు అన్నా, తగ్గించుకుంటూ వస్తారు."

"ఎన్నేండ్లల్ల?"

"పదేళ్లు, ఓ రెండేళ్లు అటూ ఇటూగా," అన్నాను. గడువు మొదటి పేజీలోనే ఉంది.

ఆయన తుండు మడుస్తూ, "మనకు గూడనా?" అన్నాడు.

ఆ మాటకు జవాబు నా చేతిలో ఉన్న కాగితంలో లేదు. లేచి పదిళ్లు దాటి వెళితే దొరికేది. నాకు ఆ ఆలోచనే రాలేదు. "అన్ని దేశాలూ అంటే మనమూ అందులో ఉన్నట్టే కదా అన్నా! భూమి అందరిదీ కదా," అన్నాను. భూమి అందరిదీ అన్న మాట పిల్లల వ్యాసరచన పోటీకి నేను రాసిన చార్టు మీద ఉంది. దాన్నే అప్పజెప్పాను.

"అవ్, గంతే గద," అని ఆయన లేచి లోపలికి వెళ్లాడు. రోజూ ఇంకో రెండు వార్తలైనా అడిగే మనిషి ఆ రోజు అడగలేదు. వదిన బయట బొగ్గు కుప్పకు నిప్పు పెడుతోంది. నేను చీరలు తీసుకుని తలుపు వేసుకున్నాను.

ఆ తర్వాత అరుగు మీద ఏమీ మారలేదు. అన్న రోజూ వచ్చేవాడు, వినేవాడు. దగ్గు మాత్రం ఎక్కువైనట్టు అనిపించేది. ఓ రోజు, "మందు తీసుకో అన్నా," అంటే, "తీస్కుంట తియ్," అన్నాడు. నిజానికి ఆయన దగ్గును దాచడం మానేశాడు. అది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు పదో తరగతి పరీక్షల హడావుడి.

ఎండాకాలం సెలవుల తర్వాత చండ్రుగొండ నుంచి వచ్చి తాళం తీస్తుంటే వదిన గిన్నె నిండా బూందీ పట్టుకొచ్చింది. "తీస్కో చెల్లె, మావోనికి నౌకరైంది," అంది. నేను సంబరపడిపోయాను. ఏ బడిలో, ఏ ఆఫీసులో అని అడిగాను.

"బడేంది? బాయిల. మీ అన్న అన్‌ఫిట్ అయిండు గద."

గిన్నె చేతిలోకి తీసుకున్నాను. "చదువో వదినా? ఇంకో ఏడాదేగా," అన్నాను.

"సదువు ఏడికి పోతది? రేపు బాయిలు మూసుడు షురువైతె కొడుకులకు నౌకరీ ఎవడిస్తడు? ఉన్నోల్లకే దిక్కుండదట. ఇప్పుడు జల్దీ చేరినోడే బతికినోడు. మీ అన్న మంచిగ ఆలోచన చేసిండు." ఆ మాటల్లో గర్వం ఉంది. వాడకట్టంతా ఆయన్ని మెచ్చుకుంటోందట.

బాయి మూస్తారని ఎవరన్నారు అని నేను అడగలేదు. అడగక్కర్లేకుండానే తెలిసిపోయింది. ఆ బూందీ నేను తినలేకపోయాను, వీధి పిల్లలకు పెట్టేశాను.

శనివారం సాయంత్రం కొడుకు నా పుస్తకాలు తిరిగివ్వడానికి వచ్చాడు. మూడు పుస్తకాలకూ కొత్తగా అట్టలు వేసి తెచ్చాడు. సోమవారం మొదటి షిఫ్టులో చేరాలట. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీ నాన్న ఎందుకిలా తొందరపడ్డారు?" అన్నాను, తెలియనట్టు. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"జపాన్ ఒప్పందం మేడం. పదేండ్లల్ల బాయిలు మూస్తరని." వాడు నేల చూస్తూ చెప్పాడు. "అది మన దేశానికి లేదు మేడం. పెద్ద దేశాలే ముందుగాల తగ్గించాలె, ఇన్నేండ్లు ఎక్కువ కాల్చింది ఆల్లే గనుక. మనలాంటి దేశాలకు లెక్క పెట్టలేదు. అదే పేపర్ల లోపలి పేజీల ఉన్నది. కాలేజ్ లైబ్రరీల చదివిన."

"మరి నాన్నకు చెప్పలేదా?"

"చెప్పిన. జనవరిల వచ్చినప్పుడే. కాయితం మీద రాసుకొచ్చి సదివిన గూడ. 'నువ్వు రాసుకొచ్చింది నువ్వే సదివితె నేనెట్ల నమ్మాలె? బాయి తప్పించుకునేటందుకు సెప్తున్నవ్. టీచరమ్మ అచ్చు పేపరు సూసి సదివింది,' అన్నడు."

"నా దగ్గరికి రావచ్చు కదా! నేను చెప్పేదాన్ని కదా!" నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

వాడు మొదటిసారి తలెత్తాడు. "మీరు తప్పు చదివిన్రని మీకే ఎట్ల చెప్పాలె మేడం?"

వాడు వెళ్లాక కెమిస్ట్రీ పుస్తకంలో నాలుగు మడతలు పెట్టిన తెల్ల కాగితం దొరికింది. వాడి రాత నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. లోపలి పేజీలోని వార్త అక్షరం పొల్లుపోకుండా ఎక్కించి, ఏ దేశాలకు లెక్క ఉంది, ఏ దేశాలకు లేదు అని పక్కన చిన్న బొమ్మ గీశాడు. ఆ బొమ్మ చూసి ఏడ్చాను. అంతకు ముందు ఏడవలేదు.

బోర్డు కాగితం వచ్చి అప్పటికే నెల దాటింది. అన్‌ఫిట్ అని రాసిన మనిషిని తిరిగి బాయిలోకి దింపరు. కొడుకు చేరకపోతే ఆ ఇంట్లో సంపాదించే మనిషే ఉండడు. ఇప్పుడు నిజం చెప్పి ఏం లాభం అని ఆదివారమంతా నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. మా ఆయన కూడా అదే అన్నాడు. "చెప్పి వాళ్ల మనసు విరిచేయడం తప్ప ఏముంది?" అన్నాడు. అది ఆయనకు నా మీద ఉన్న ప్రేమ. నాది మాత్రం పచ్చి పిరికితనం. సోమవారం పొద్దున ఆరింటికి వాకిట్లో అలికిడైతే కిటికీలోంచి చూశాను. తండ్రి బూట్లు కొడుకు కాళ్లకు ఒక వేలు వదులుగా ఉన్నాయి. అన్న వంగి ముందు భాగంలో గుడ్డపేలికలు కూరుతున్నాడు. వదిన టిఫిను డబ్బా పట్టుకుని నిలబడింది. నేను తలుపు తీయలేదు.

సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి అన్న మామూలుగానే అరుగు మీద ఉన్నాడు. పగలంతా ఇంట్లో ఉండటం అలవాటు లేక ఆ మొహం వేరేగా ఉంది. వదిన నీళ్లకు పోయింది. "ఏముంది టీచరమ్మా పేపర్ల?" అన్నాడు. నేను పేపరు పక్కన పెట్టి, సంచిలోంచి ఆ తెల్ల కాగితం తీశాను.

"అన్నా, జపాన్ సంగతి ఆ రోజు నేను సగమే చదివాను. మిగతాది నా దగ్గర లేదు. తెప్పించుకోలేదు కూడా. మీ వాడు చెప్పిందే నిజం."

ఆయన చదవమన్నట్టు చెయ్యి ఊపాడు. చదివాను. మొత్తం చదివాను. ఏ దేశాలకు ఉంది, మనకు ఎందుకు లేదు, అంతా. మధ్యలో రెండుసార్లు దగ్గు వచ్చింది ఆయనకు. తుండు అడ్డం పెట్టుకోలేదు. నేను ముగించేసరికి కొడుకు షిఫ్టు దిగి, మొదటి రోజు కాగితాల పనితో ఆలస్యమై, అప్పుడే వచ్చాడు. కళ్లు తప్ప మొహమంతా నల్లగా ఉంది. నా చేతిలో తన కాగితం చూసి ఆగి, అరుగు చివర కూర్చుని బూట్లు విప్పుకోసాగాడు. లోపలి గుడ్డపేలికలు చెమటకు తడిసి ఉండలు కట్టాయి.

"అయితె బాయి మూయరా?" అన్నాడు అన్న.

"ఆ ఒప్పందం వల్ల అయితే మూయరు అన్నా."

"మల్ల ఎన్నేండ్లు నడుస్తదట?"

నేను నోరు తెరిచాను. అలవాటు కొద్దీ ఏదో ఒకటి రాబోయింది. కొడుకు వైపు చూసి ఆగిపోయాను.

"నాకు తెల్వదు అన్నా," అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

"గా ముక్క ఆనాడే అంటె సరిపోతుండె గద టీచరమ్మా," అన్నాడు.